మా చెల్లె చదవాల్సిన పేజీ

నా చిన్నప్పుడు మా చెల్లె చదువులో తప్పులు లెక్కపెట్టే పని నాది. ఎవరూ అప్పగించలేదు, నేనే పెట్టుకున్నాను. నాకు పదకొండేళ్లు, దానికి ఎనిమిది. చిక్కడపల్లిలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. లెక్కలు నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. రోడ్డు మీద పోయే బస్సుల నంబర్లు కూడుకుంటూ, తీసేసుకుంటూ నాకు నేనే నేర్చుకున్నాను. అందుకే దేన్నయినా సరిగ్గా లెక్కపెడితే అది దారికొస్తుందని నమ్మేదాన్ని.

చెల్లె తెలివి తక్కువదేమీ కాదు. పాఠం ఒక్కసారి వింటే చాలు, వంటింట్లో అమ్మ వెనకాల తిరుగుతూ మొత్తం అప్పజెప్పేది. అదే పాఠం పుస్తకంలో చూసి చదవమంటే మొదటి వరుసలోనే ఆగిపోయేది. నిన్న చదివిన మాట ఇవాళ దానికి మళ్లీ కొత్త. చివరికి నారాయణగూడలోని బడి నుంచి కబురొచ్చింది. సోమవారం పెద్ద టీచరమ్మ ముందు ఒక పేజీ చదవాలి. చదవలేకపోతే పిల్లను ఇక పంపనక్కర్లేదు.

నేను పట్టుబట్టాను. రోజూ సాయంత్రం అదే పేజీ చదివించి, ఒక్కో తప్పుకు ఒక్కో పెన్సిల్ గీత గీసేదాన్ని. మొదటి రోజు ఇరవై ఏడు. వారం తిరిగి శనివారం వచ్చేసరికి ఇరవై తొమ్మిది. నాకు ఒళ్లు మండింది.

"నీ కండ్లు ఏడున్నయే? నిన్ననే చెప్పిన గదా! జర మనసు పెట్టి చూడు. కావాలనే చేస్తున్నవ్."

"చూస్తనే ఉన్న అక్కా," అంది చెల్లె. పేజీ మీద పడ్డ కన్నీళ్లను గౌను అంచుతో తుడిచింది.

పక్కన మంచం మీద మా తాత ఉర్దూ పేపరు చదువుకుంటున్నాడు. ఆయన కాలంలో ఇక్కడ బడి చదువు ఉర్దూలోనే సాగేది. ఆయన లేచి ఆ పేపరు నా ఒళ్లో పెట్టాడు. పైనున్న వరుసను వేలు పెట్టి రెండుసార్లు చదివి వినిపించాడు. తర్వాత మధ్యలో ఒక మాట చూపించి, అదేందో చెప్పమన్నాడు. నాకు అన్నీ ఒకేలా కనిపించాయి.

"ఇప్పుడే చెప్పిన గదా! నీ కండ్లు ఏడున్నయి?" అంటూ పేపరు అంచున ఒక గీత గీశాడు. ఇంకో మాట, ఇంకో గీత. "జర మనసు పెట్టి చూడు. కావాలనే చేస్తున్నవ్."

చెల్లె మొదట "అక్కకు సున్నా!" అని చప్పట్లు కొట్టింది. తొమ్మిదో గీతకు నేను పేపరు మీద నుంచి మొహం తిప్పేసుకున్నాను. అప్పుడు చెల్లె వచ్చి తాత చెయ్యి పట్టుకుంది.

"ఇడ్వు తాతా. అక్క చూస్తనే ఉంది. రాదు, అంతే."

తాత పెన్సిల్ కింద పెట్టేశాడు. మరి సోమవారం ఎట్ల అని అడిగాను. ఆయన పేపరు మడతపెట్టాడు.

"నాకు తెల్వదు బిడ్డా."

మా తాత నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.

సోమవారం ముగ్గురం బడికి వెళ్లాం. చెల్లె పుస్తకం పట్టుకుని నిలబడింది. ఆ పేజీ మొత్తం నాకు కంఠతా వచ్చు. గుమ్మం దగ్గర నిలబడి ఒక్క మాట కూడా అందించలేకపోయాను. చెల్లె నాలుగు మాటలు చదివి ఆగిపోయింది. నోటితో అడగమని, పాఠమంతా చెప్తుందని తాత బతిమాలాడు.

"పరీక్ష నోటితోని రాయరు గదండీ," అంది టీచరమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. ఆమెకూ వేరే దారి తెలియదు.

తిరిగి వస్తుంటే చెల్లె నా వేలు పట్టుకుని, "ఇగ రేపటి నుంచి చదివియ్యవు గదా అక్కా?" అని అడిగింది. దాని మొహంలో సంతోషం. నేను, తాత ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఈ మధ్య అశోక్ నగర్‌లో బంధువుల పిల్లవాడికి ఇలాగే ఉంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. ఆ ఇబ్బందికి ఒక పేరుంది. అలాంటి పిల్లలకు వేరే పద్ధతిలో చదువు చెప్పేవాళ్లున్నారు. డాక్టరు చెప్పిన ప్రతి లక్షణానికీ నాకు మా చెల్లే కనిపించింది. దానికిప్పుడు యాభై దాటాయి. ఏ ఫారం వచ్చినా మాట్లాడకుండా నా వైపు జరుపుతుంది. నేనూ మాట్లాడకుండా నింపుతాను.

ఇప్పుడు ఏ పిల్లయినా పుస్తకం ముందు ఆగిపోతే సరిగ్గా చూడమని నేను అనను. పక్కన కూర్చుని నేనూ ఆగుతాను. ఎంతసేపు ఆగితే సరిపోతుందో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.