కారు నాదే, వెనక సీటు ఆయనది

విడవలూరు రెడ్డిగారి దగ్గర నేను కొన్న నల్ల కారు ఈ రోజు నెల్లూరు ఆర్టీవో ఆఫీసులో నా పేరు మీదికి మారింది. సంతకాలయ్యాక ఆయన్ను ఇంటి దగ్గర దించుదామని స్టీరింగు ముందు కూర్చున్నాను. ఆయన అలవాటు కొద్దీ వెనక సీట్లో కూర్చుని, "పోనీయ్ అబ్బాయ్" అన్నారు.

కోవూరులో కారు ఆపితే ఎవరో పెద్దాయన ఆయనకు దండం పెట్టి, నావైపు చూశాడు.

"కొత్త డ్రైవర్ని పెట్టుకున్నారా రెడ్డిగారూ?"

"చూస్తా ఉండా. గుంటల్లో ఇంకా మెల్లగా తోలాల" అన్నారు రెడ్డిగారు.

కారు అమ్ముకున్నానని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. పోనీలే పాపమని నేనూ డ్రైవర్లాగే తలూపి, గుంటల్లో మెల్లగా తోలాను.

విడవలూరులో దిగుతూ, వీధి వీధంతా వినేలా, "రేపు పెందలాడే వచ్చేయ్" అన్నారు. నేను "అట్నేనయ్యా" అనేశాను.

మీరే చెప్పండి, రేపు పోవాలా, వద్దా?