ఎదురింటి పూచీ

కరోనా వచ్చిన ఆ మార్చి నెల మధ్యలో బడులు మూసేయమన్నారు. నేను పనిచేసే ప్రైవేటు బడిలో పిల్లలను పంపించేసి, టీచర్లమంతా స్టాఫ్ రూములో కూర్చుని, ఇది రెండు వారాల ముచ్చటే అనుకున్నాం. ఇంటికి వస్తుంటే జహీరాబాద్ బజారు ఎప్పటిలాగే ఉంది. అల్లం బస్తాలు ఎత్తుతున్నారు. మిర్చి బజ్జీల బండి చుట్టూ జనం ఒకరి భుజం మీద ఒకరు పడుతున్నారు. హైవే మీద బొంబాయి వైపు లారీలు పోతూనే ఉన్నాయి. భయపడాలా వద్దా అన్నది ఎవరింట్లో వాళ్లు తేల్చుకోవాల్సిన రోజులవి. మా ఇంట్లో తేల్చింది నేను. నేను భయపడటానికి కారణం మా నాయిన.

నాయినకు అప్పుడు డెబ్బై రెండేళ్లు. ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. దమ్ము జబ్బు ఉంది. చలికాలంలో నాలుగు మెట్లెక్కితే ఐదు నిమిషాలు మాట్లాడలేడు. అమ్మ పోయాక నా దగ్గరికి వచ్చేశాడు. పొద్దున బస్టాండు దగ్గరి హోటల్లో పాత కండక్టర్లతో చాయ్ తాగి వచ్చేవాడు. కాసేపు పడుకుని కూరగాయల బజారుకు పోయేవాడు. అక్కడ కొనేది పావుకిలో వంకాయలు, మాట్లాడేది గంట. సాయంత్రం నాలుగింటికి మా అరుగు మీద గవ్వలు పరిచి ఎదురింటి అక్కతో పచ్చీసు ఆడేవాడు.

ఆ అక్క మా ఎదురింట్లో కిరాయికి ఉండేది. నాకన్నా ఐదారేళ్లు పెద్ద. పుట్టిల్లు న్యాల్‌కల్ దగ్గర ఒక పల్లె. పిల్లలు లేరు. భర్త లారీ డ్రైవరు, ఇక్కడి నుంచి అల్లం వేసుకుని బొంబాయికి పోయేవాడు. నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. అంతకు రెండేళ్ల ముందు నాకు గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు, చేయి పైకెత్తే ఓపిక కూడా లేక పడుకుని ఉంటే, పదిరోజులు ఆమే వచ్చి నా తల దువ్వి జడ వేసింది. చిక్కు తీసేటప్పుడు నొప్పి పుట్టకుండా వెంట్రుకల మొదలు పట్టుకుని దువ్వేది. సొంత అక్క ఉంటే ఇట్లాగే ఉండేదేమో అనుకునేదాన్ని.

బడి మూసిన సాయంత్రమే ఇంట్లో చెప్పేశాను. మా ఆయన ట్రాక్టర్ల ఫ్యాక్టరీ నుంచి రాగానే బయటి నల్లా దగ్గర స్నానం చేశాకే లోపలికి రావాలి. నాయిన ఇల్లు దాటొద్దు. మా ఆయన సరే అన్నాడు. నాయిన ఒప్పుకోలేదు.

"నేనేం దేశాలు తిరుగుతున్న బిడ్డా. చాయ్ తాగి వస్త, గంతే."

"చాయ్ నేను పెడ్త నాయినా. ఎన్నిసార్లంటే అన్నిసార్లు."

"నీ చాయ్ మంచిగనే ఉంటది. నేను ఆడికి పోయేది చాయ్ కోసం గాదు."

ఆ మాట విన్నాను. విని, ఆయన చెప్పుల జత తీసుకుపోయి బీరువా కింద పెట్టాను. హోటలు ఆగింది, బజారు ఆగింది. పచ్చీసు సంగతి మాత్రం రెండు రోజులు ఆలోచించాను. అక్క ఎక్కడికీ పోదు. ఆమె భర్త మాత్రం అన్ని ఊర్లూ తిరిగే మనిషి. పూర్తిగా ఆపేస్తే నాయిన రోజంతా గోడ చూస్తూ కూర్చోవాలి. చివరికి గేటు దగ్గరే అక్కను ఆపి అడిగాను.

"అక్కా, బావ ఎక్కడున్నడు?"

"లాతూర్ దిక్కు లోడు దించుతున్నడట. ఎప్పుడొస్తడో తెల్వది."

"వచ్చినరోజు నాకు చెప్పు. పద్నాలుగు రోజులు మా ఇంటికి రాకు. పాలు, కూరగాయలు నేనే తెచ్చి నీ గేటుకు తగిలిస్త. ఏమనుకోకు అక్కా."

ఆమె నా గదుమ పట్టుకోబోయి, గుర్తొచ్చి చేయి వెనక్కి తీసుకుంది. "ఏమనుకుంట చెల్లె. కాకకు దమ్మున్నది, నాకెరుక లేదా. ఆయనొస్తే ముందు నీకే చెప్త. నీ తోడు."

అట్లా పచ్చీసు మిగిలింది. చాపకు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చునేవారు. ముక్కుకు గుడ్డ కట్టుకునేవారు. ఆట కాగానే గవ్వలను సబ్బు నీళ్లలో కడిగి ఎండబెట్టేదాన్ని. నాయిన నన్ను చూసి నవ్వేవాడు, నేను పట్టించుకునేదాన్ని కాదు. నేను అంతా ఆలోచించే చేశాననుకున్నాను.

తర్వాత దేశమంతా బంద్ అయింది. కర్ణాటక సరిహద్దులో, చిరాగ్‌పల్లి దగ్గర హైవేకు అడ్డంగా పోలీసులు బారికేడ్లు పెట్టారు. బొంబాయి నుంచి వచ్చేవాళ్లు రోడ్డు వదిలి చెరుకు తోటల్లోంచి నడిచి వస్తున్నారని అందరూ చెప్పుకునేవారు. మా గల్లీకి రెండు రోజులకొకసారి నీళ్ల ట్యాంకరు వచ్చేది. ఒకరోజు అక్క బిందెలతో వరుసలో నిలబడితే, ముందున్న ఆమె వెనక్కి తిరిగి గట్టిగానే అన్నది.

"ఈమె మొగడు బొంబాయి లారీ నడుపుతడు. ఈమెను దూరం నిలబడుమనున్రి. లేకుంటే అందరు వోయినంక పట్టుకోమనున్రి."

మిగతావాళ్లు రెండడుగులు జరిగారు. అక్క ఇంటి ఓనరు కూడా అక్కడే ఉన్నాడు. గల్లీ చివరింట్లో ఉండే పెద్దమనిషి. ఆయన నా వైపు చూశాడు. అక్క తల వంచుకుని బిందె అంచు తుడుస్తోంది. నాకు కోపం వచ్చింది.

"ఆయన ఇంటికి రాక నెల దాటింది," అన్నాను. "వస్తే ముందు నాకే తెలుస్తది. మా నాయిన దమ్ము మనిషి, నాకు భయం ఉండదా? నేనే ఆమెను ఇంట్లకు రానిస్తున్న. ఇంకేం గావాలె మీకు? జిమ్మ నాది. ఏమన్నైతే నన్నడుగున్రి."

నేను బడిపంతులమ్మను. ఆ గల్లీలో సగం మంది పిల్లలకు నేనే చదువు చెప్పాను. నా మాటకు విలువ ఉండేది. వాళ్లు మళ్లీ వరుసలో కలిశారు. ఓనరు తల ఊపి వెళ్లిపోయాడు. అక్క బిందెలు నింపుకుని నా ముఖం చూడకుండా నడిచింది. పాపం, సిగ్గుపడిందనుకున్నాను. అప్పటికి ఆమె భర్త ఇంటికి వచ్చి నాలుగు రోజులైంది.

ఇప్పుడు తలచుకుంటే అన్నీ కనిపిస్తాయి. బంద్ అయినప్పటి నుంచి అక్కకు కూడా పాలు నేనే తెచ్చేదాన్ని, ఆ వారం రోజూ ఒక ప్యాకెట్ ఎక్కువ తెమ్మన్నది. ఎందుకక్కా అంటే, "ఎండలు గదా, పెరుగు తోడు వెట్టుకుంట" అన్నది. ఆమె వెనక తలుపు సందులోంచి తీగ మీద గళ్ల లుంగీ కనిపించింది. నేను చూడటం చూసి, "ఊకె కూసుంటే పొద్దు వోతలేదు, పెట్టెలున్న బట్టలన్ని పిండిన" అన్నది. నేను నవ్వి, మా ఇంట్లో కూడా అదే పని అన్నాను.

ఆశా కార్యకర్త, ఇంకో ఇద్దరు దవాఖాన మనుషులు ఒక మధ్యాహ్నం రిజిస్టరు పట్టుకుని వచ్చారు. ఎవరో ఫోన్ చేసి చెప్పారట. నేరుగా అక్క తలుపు కొట్టారు. నేను గేటు దగ్గరికి వచ్చి, "ఆయన లేడమ్మా, ఊర్ల లేడు" అంటూనే ఉన్నాను. తలుపు తెరుచుకుంది. గళ్ల లుంగీలో ఆయన బయటికి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. పాదాలకు గుడ్డలు చుట్టి ఉన్నాయి. దవాఖాన మనిషి క్వారంటైన్ ముద్ర వేయడానికి చేయి చాపమంటే, చిన్నపిల్లాడిలా రెండు చేతులూ చాపాడు. వెనక గుమ్మంలో అక్క నిలబడి ఉంది. నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నా వెనక అరుగు మీది నుంచి నాయిన గొంతు వినబడింది. మామూలుగా, పలకరింపుగా.

"ఏం అల్లుడా, దగ్గు తక్కువైందా?"

ఆయన తల ఊపాడు. "తక్కువైంది మామా."

నేను వెనక్కి తిరిగాను. నాయిన నా ముఖం చూశాక గాని తాను ఏమన్నదీ గ్రహించలేదు.

లోపలికి పోయాక అడిగాను. అరవలేదు. అరిస్తే ఆయనకు ఆయాసం వస్తుందన్న భయం అప్పుడు కూడా ఉంది.

"నీకెప్పటి సంది ఎరుక?"

"వచ్చిన తెల్లారె చెప్పింది. రాను కాకా, చెల్లెకు మాటిచ్చిన అన్నది. నేనే రమ్మన్న."

"నువ్వే?"

"దూరం కూసుంటనే ఉన్నం గదా. చెప్పకు, నా బిడ్డ ఆట బంద్ చేస్తది అన్న. ఆమె జర ఎన్కముందాడింది. ఒట్టు వెట్టించుకున్న."

"నీకేమన్న అయితే నాయినా?"

"అయితే నాకు గదా." మంచం పట్టె మీద చేయి ఆనించి ఊపిరి తీసుకున్నాడు. "హోటల్ బంద్ చేసినవ్. బజార్ బంద్ చేసినవ్. చెప్పులు దాసినవ్. ఒక్కసారన్న నన్ను అడిగినవా? నాకు మిగిలింది గా ఒక్క గంట. దాన్ని గూడ నీకు అప్పజెప్పాల్నా?"

"మా ఇద్దరికి గూడ రావచ్చు గదా. అది యాది రాలేదా?"

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. 

ఆ చివరి రోజుల్లో నేను గవ్వలు కడుగుతుంటే ఆయన ఎందుకు నవ్వేవాడో అప్పుడు అర్థమైంది. వాళ్లిద్దరికీ తెలిసిన సంగతి నాకొక్కదానికే తెలియదు. నా అరుగు మీదే, నేను పెట్టిచ్చిన చాయ్ తాగుతూ, నేను లోపలికి పోగానే దగ్గు ఎట్లుందని అడుగుతూ, నేను బయటికి రాగానే గవ్వలు వేస్తూ కూర్చున్నారు. నాకు రోగం కన్నా అదే పెద్ద దెబ్బ.

ఎవరూ బయట తిరగొద్దని మా తలుపుకు కూడా క్వారంటైన్ కాగితం అంటించారు. పద్నాలుగు రోజులు. ట్యాంకరు వస్తే నేను చివరన, ఒంటరిగా నిలబడి నీళ్లు పట్టుకున్నాను. "జిమ్మ నాదంటివి గదా పంతులమ్మా," అన్నది ఆనాడు అక్కను దూరం నిలబడమన్న ఆమె, వెటకారంగా కూడా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. నేను బిందె ఎత్తుకుని వచ్చేశాను. ఆరో రోజు నాయినకు ఒళ్లు వెచ్చబడింది. మా ఆయన బండి మీద దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు దూరం నుంచి చూసి, ఇది పాత దమ్మేనన్నాడు. రెండు రోజులకు తగ్గింది. ఎదురింటాయన పరీక్ష రిపోర్టు హైదరాబాద్ నుంచి వచ్చింది. ఆయనకూ ఏమీ లేదు. వట్టి దుమ్ము దగ్గు.

"ఏం గాలేదు గదా," అన్నాడు మా ఆయన. అందరూ అదే అన్నారు. ఏమీ కాకపోవడం వల్ల నా బాధ చెప్పుకోవడానికి నాకు చోటు లేకుండా పోయింది.

కాగితాలు తీసేశాక అక్క మా గేటు బయట నిలబడి పిలిచింది. నేను పోయాను గాని గేటు తీయలేదు.

"సరిహద్దు కాడ లారీ ఇడిసి రెండు రోజులు నడిసి వచ్చిండు చెల్లె. కాళ్లన్ని పుండ్లు. నలుగురికి తెలిస్తే ఇల్లు ఖాళీ చెయ్యమంటరు. యాడికి వోవాలె?"

"నాకు చెప్తే నేను ఖాళీ చెయ్యమంటుంటినా?"

"నీకు చెప్తే నువ్వు గూడ నా కోసం అబద్ధమాడాల్సొస్తుండె."

"ఆడిన గదా అక్కా, నల్గురి ముంగట," అన్నాను. "తెల్వక ఆడిన. తెలిసి ఆడుదునో లేదో నేను చూసుకుంటుంటి."

ఆమె కళ్లు తుడుచుకుంది. వెనక్కి తిరిగి తన ఇంట్లోకి పోయింది.

జూన్ మొదట్లో ఆంక్షలు సడలాక వాళ్ల ఓనరు వచ్చాడు. వాళ్ల గుమ్మం ముందు కాదు, మా గేటు ముందు నిలబడ్డాడు. ముఖానికి మాస్కు, చేతిలో గొడుగు.

"నీ మాట మీదనే అప్పుడు ఊకున్నమ్మా. ఇప్పుడు గల్లీల అందరు ఖాళీ చేయించుమంటున్రు. నువ్వేమంటవ్?"

ఎదురింటి కిటికీ తెరిచే ఉంది. అక్కకు వినబడుతుందని నాకు తెలుసు. అరుగు మీద నాయిన నా వైపే చూస్తున్నాడు. ఒక్క మాట చాలు. ఉండనీయున్రి అంటే ఆయన ఉండనిచ్చేవాడే.

"నన్ను అడగకున్రి," అన్నాను.

వారం లోపల వాళ్లు సామాను ట్రాలీలో వేసుకుని న్యాల్‌కల్ వైపు వెళ్లిపోయారు. నాయిన గేటు దాకా పోయి నిలబడ్డాడు. ఆమె ఆయన కాళ్లు మొక్కింది. నేను వంటింట్లో ఉండిపోయాను, పొయ్యి మీద ఏమీ లేకపోయినా. నాయిన లోపలికి వచ్చి గవ్వలను గుడ్డలో మూట కట్టాడు. 

నాయిన ఇప్పుడూ నా దగ్గరే ఉన్నాడు. ఎప్పటిలాగే మాట్లాడుకుంటాం, టీవీ చూస్తాం. కానీ పొద్దుటి మందు వేసుకున్నానని ఆయన అంటే, ఆయన స్నానానికి పోయాక గోలీల పట్టీ తీసి చూస్తాను. ఆయన ప్రతిసారీ వేసుకునే ఉంటాడు. అయినా చూస్తాను. నేను చూస్తానని ఆయనకు తెలుసు.

అక్క మీద కోపం పోయిందా అని మా ఆయన అప్పుడప్పుడు అడుగుతాడు. పోలేదు. ఆ రోజు గేటు దగ్గర ఓనరుతో నేనన్న మాట తప్పేనని ఒప్పుకుంటాను. కోపం మాత్రం పోలేదు.