పోశం కాక రంగు వెలిసిన రోజు

నేను చీమకైనా హాని చేసే మనిషిని కాదు. ఒక్క మనిషిని మాత్రం చంపాను. అదీ ఆరు సెకన్లలో, సొంత చిన్నాయన పోశం కాకను, ఎంతో ప్రేమతో.

కంగారుపడకండి. ఆయన ఇప్పుడు మా అరుగు మీద కూర్చుని బీడీలు ఎక్కడ పెట్టాడో వెతుక్కుంటున్నాడు. ఆ రోజు పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా మాత్రం గోదావరిఖని లెక్క ప్రకారం ఆయన లేడు.

పోశం కాక ముప్పై ఆరేళ్లు భూమి లోపల బొగ్గు తవ్వాడు. ఆ రోజు ఆఖరి షిఫ్టు. పైకి రాగానే గేటు దగ్గర దండలు వేసి, డప్పులతో ఇంటికి తీసుకురావాలని ఏర్పాటు. నేను అప్పుడే డిగ్రీ ముగించి, రోజంతా కంప్యూటరు ముందు కలలు కంటూ కూర్చునేవాణ్ని. ఇంట్లోవాళ్లు దాన్ని ఉద్యోగ ప్రయత్నం అనుకునేవారు.

కాకకు కానుకగా ఒక కదిలే బొమ్మ చేద్దామనిపించింది. ఒక ముఖం కరిగి ఇంకో ముఖమయ్యే సాఫ్ట్‌వేరు నా దగ్గరుంది. ఒక పక్క కాక ఈమధ్య దిగిన రంగుల ఫొటో, ఇంకో పక్క పనిలో చేరినప్పటి నలుపు తెలుపు ఫొటో. రెండింటిలోనూ కళ్ల మీద, ముక్కు మీద, మీసం కొసల మీద చుక్కలు పెట్టి కలపాలి. ముగ్గు వేసినట్టే. కాకపోతే ముగ్గుకు మీసం ఉండదు.

మీట నొక్కాను. కాక చొక్కా నీలం మెల్లగా పలచబడింది, మంచు పడే వేళ గోదావరి అవతలి ఒడ్డులాగా. బుగ్గలు నిండాయి. నెరిసిన మీసం నల్లబడింది. ఒంటి రంగు ఎటో తేలిపోయింది. చివరికి ఇరవై నాలుగేళ్ల పిల్లగాడొకడు నలుపు తెలుపుల్లో నిలబడి, ఇంకా గని చూడని కళ్లతో నన్ను చూశాడు. నాకు కళ్లు చెమర్చాయి. నా ప్రతిభకు నాకు తరచు చెమరుస్తుంటాయి.

తిరిగి మొదటికి రావాలా అని సాఫ్ట్‌వేరు అడిగింది. వద్దన్నాను. కాలం అంత వెనక్కి వెళ్లి అక్కడే ఆగిపోతే ఎంత బాగుంటుంది!

కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కింద ఒక్క ముక్క రాయలేదు. కళకు వివరణ దేనికి?

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. మా దగ్గర పుట్టినరోజుకూ, పెళ్లికీ, రిటైర్మెంటుకూ ఫ్లెక్సీలు రంగుల్లో కడతారు. ఒక్కదానికే నలుపు తెలుపుల్లో కడతారు. ఇది మా కాలనీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. ఆ ఆరు సెకన్లూ గుర్తు రాలేదు, అంతే.

మొదట జోడించిన చేతులు వచ్చాయి. కళాకారుడికి దండం పెడుతున్నారనుకున్నాను. "నిన్ననే కలిసి చాయ తాగినం, నమ్మబుద్ధైతలేదు" అని పక్క క్వార్టరు సదయ్యన్న రాశాడు. బొమ్మ అంత బాగుందన్నమాట! "అందరూ మూడింటికి గని గేటు దగ్గరికి రండి, దండలు తెండి" అని వినయంగా జవాబిచ్చి కళ్లు మూసుకున్నాను. కలలో ఊరంతా మెత్తగా రంగు వెలుస్తోంది.

తలుపు దబదబ మోగింది. సదయ్యన్న.

"ఎట్లైందిరా?"

"మంచిగనే అయిందన్నా. ఆరు సెకన్లల్ల అయిపోయింది."

"అయ్యో! కాకకు తెల్వను గూడ తెల్వలేదన్నట్టు."

"తెల్వదన్నా. పైకొచ్చినంక చూస్తడు."

"పైకొచ్చుడేంది? బొమ్మ నలుపు తెలుపు చేసి పెడితివి గదరా!"

అప్పుడు వెలిగింది. గబగబా బొమ్మ తీసేశాను. అప్పటికే అది ఊళ్లు దాటి గోలేటి గనుల దాకా పోయింది. రామకృష్ణాపూర్ మేనత్త బస్సెక్కిందని కబురు.

కాకకు ఫోను చేద్దామంటే గనిలోకి ఫోను తీసుకుపోనివ్వరు. అది ఇంట్లో గూట్లోనే ఉంటుంది. నేనూ సదయ్యన్నా కాక ఇంటికి పరిగెత్తేసరికి ఊరంతా చేస్తున్న ఫోన్లకు అది మోగుతూనే ఉంది. చేతిలో పట్టుకుని కాక భార్య రాజవ్వ చిన్నమ్మ నిలబడి ఉంది. ముప్పై ఆరేళ్లుగా సైరను మోగి, కాక సైకిలు చప్పుడు వినబడేదాకా ఆమె అన్నం ముట్టదు. ఆ భయానికి ఆ రోజుతో సెలవు కావాల్సింది.

"చిన్నమ్మా, కాకకు ఏం కాలే. అది నేను చేసిన బొమ్మ."

"ఎనకింటామె పెనిమిటి గనిల పోయిననాడు గూడ ఆమెకు మొదలు ఏం కాలేదనే చెప్పిండ్రు బిడ్డా."

ఆమెకు వినిపిద్దామని గని ఆఫీసుకు ఫోను చేసి స్పీకరు పెట్టాను. నా తెలివి ఎప్పుడూ రెండు విడతల్లో పనిచేస్తుంది.

"సార్, పోశం డ్యూటీకి వచ్చిండా?"

"వచ్చిండు. పొద్దుగాలనే దిగిండు."

"పైకొచ్చిండా?"

"ఇంక రాలే."

మూడింటిదాకా ఎవరూ రారని ఆయన అంటూనే ఉన్నాడు. వాకిట్లో చేరిన ఆడవాళ్ల ఏడుపులో అది ఎవరికీ వినబడలేదు. చిన్నమ్మ మాత్రం ఏడవలేదు. చెప్పులేసుకుని గేటు దారి పట్టింది.

మూడు కావస్తుంటే గేటు దగ్గర జనం. చేతుల్లో దండలు, ముఖాల్లో దుఃఖం. డప్పు కొట్టే అన్న నా చెవిలో అడిగాడు: "తమ్మీ, ఏ దరువు కొట్టాలె?"

సైరను మోగేదాకా ఆగమన్నాను.

సైరను మోగింది. పొగమంచులోంచి వస్తున్నట్టు, దుమ్ములోంచి మనుషులు ఒక్కరొక్కరే బయటికి వచ్చారు. అందరూ ఒకే నలుపు. కళ్లు, పళ్లు మాత్రమే తెలుపు. చిన్నమ్మ ఒక్కో ముఖం వెతుకుతోంది. చివరన వస్తున్న నలుపు ఆమె ముందు ఆగింది.

"ఏందే, నువ్వొచ్చినవ్? పొయ్యి మీద కూర మాడిపోదా?"

చిన్నమ్మ బొటనవేలితో ఆయన చెంప మీద గట్టిగా రుద్దింది. అక్కడ వేలెడు మేర మనిషి రంగు కనబడింది. అప్పుడు ఏడ్చింది.

డప్పు అన్న ఎవరినీ అడగకుండా పెళ్లి దరువు ఎత్తుకున్నాడు.

నేను తప్పు ఒప్పుకుని, ఫోనులో దాచుకున్న బొమ్మ చూపించాను. కాక రెండుసార్లు చూశాడు. "మంచిగనే చేసినవ్ బిడ్డా. కాని సగమే చేసినవ్. నేను రోజు రంగుతోని దిగుత, నల్లగయ్యి ఎక్కుత. తానం చేస్తె మల్ల రంగొస్తది. నువ్వు నాకు తానం పోసుడు మరిచినవ్."

ఇంటికొచ్చాక చిన్నమ్మ పెరట్లో వేడినీళ్లు పోసింది. చెంబు చెంబుకూ చెవులు, మెడ, భుజాలు మెల్లగా రంగులోకి తిరిగొచ్చాయి. ఆఖరిసారి. నేను వద్దన్న మిగతా సగం అదే. అంత నెమ్మదిగా, అంత నునుపుగా తిప్పే సాఫ్ట్‌వేరు నాకు ఇంతవరకు దొరకలేదు.

కాబట్టి మౌసు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: బతికున్న మనిషి రంగు ఇక జన్మలో తీయను. తీయక తప్పకపోతే, ముందు నీళ్లు కాచి పెట్టుకుంటాను.