గోల్ వెనుక వాకిలి

అవ్వ పోయిందన్న కబురు తెలిసినప్పుడు నా చేతిలో లడ్డూల డబ్బా ఉంది. తెలంగాణ రాష్ట్రం వచ్చిన రోజది. మా గోదావరిఖని స్టేడియంలో డప్పులు మోగుతున్నాయి, జనం రంగులు చల్లుకుంటున్నారు. గ్రౌండు కమిటీ కార్యదర్శిని కాబట్టి మిఠాయిలు పంచే పని నాది. పాల పాకెట్లు వేసే అతను గుంపును తోసుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, గోడవతల అవ్వ పోయింది. నిన్నటి పాల పాకెట్ గడప మీదనే ఉన్నది. తలుపు నూకి చూసిన" అన్నాడు.

మేం పొద్దున్నుంచి గోడకు ఇటువైపు గంతులేస్తున్నాం. అటువైపు ఆమె పోయి అప్పటికే ఒక రోజయింది.

ఆమె నాకు చుట్టం కాదు. భర్త పోయాక ఆయన ఉద్యోగం ఆమెకు వచ్చింది. బొగ్గుబాయి మీద, ల్యాంపు రూములో. బాయిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరు బిళ్ళ అక్కడ ఇచ్చి దీపం తీసుకోవాలి. ఎక్కి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. షిఫ్టు అయిపోయాక మేకుకు ఒక్క బిళ్ళ మిగిలినా ఆమె ఇంటికి కదిలేది కాదట. "ఎవలో ఇంక ఎక్కలే" అని సార్ల వెంటపడి కిందికి కబురు పంపించేదట. ఇది ఆమెతో పనిచేసినవాళ్ళు చెప్పగా విన్నాను. నేను ఎరిగిన అవ్వ రిటైరైన తర్వాతి అవ్వ.

ఆమె రెండు గదుల రేకుల ఇల్లు స్టేడియంలో ఉత్తరం గోల్‌కు సరిగ్గా వెనక ఉండేది. వెనకటి కార్మికులు డ్యూటీ దిగి వచ్చి, సొంత చేతులతో చదును చేసుకున్న గ్రౌండు మాది. స్టేడియమని పేరు పెద్దదే. కానీ నేను గోల్‌కీపర్‌గా ఆడే రోజులకు చుట్టూ ఉన్న పాత క్వార్టర్లు ఖాళీ అయి, కప్పులు కూలి, వాకిళ్ళ నిండా సర్కారు తుమ్మ మొలిచింది. మోరీ పూడిపోయి మురుగు దారి మీదే పారేది. పగలు కూడా ఎవరూ అటు పోయేవారు కాదు. గోల్‌కు వల లేదు. వెనక ప్రహరీ ఎప్పుడో పడిపోయింది. అందుకని నేను ఆపలేకపోయిన ప్రతి బంతీ నేరుగా అవ్వ వాకిట్లోకి దొర్లేది.

మొదటిసారి వెళ్ళినప్పుడు బంతి ఆమె ఒళ్ళో ఉంది.

"బాల్ ఇయ్యవే అవ్వా, జల్ది. ఆట ఆగింది."

"ఇస్త. గా మోరిల చెత్త తియ్యి, ఇస్త."

"మోరికి, బాల్‌కు ఏం సంబంధమే?"

"బిళ్ళ ఇయ్యంది దీపమిస్తరా? పార గక్కడున్నది, చూడు."

అవతల రెఫరీ ఈల మీద ఈల ఊదుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా తీశాను. కంపు కొడుతూ తిరిగి వెళ్తే మా జట్టువాళ్ళే నాకు దూరంగా నిలబడ్డారు. ఆ రోజు ఇంకో రెండు గోల్స్ పడ్డాయి. మోరీ సగం సాఫయింది.

అట్లా గోల్‌కొక పని. చేసి, ఆమె కూర్చునే గద్దె ముందు నిలబడితే "ఇగ తీస్కపో" అని బంతి ఇచ్చేది. ఒకరోజు తుమ్మ కంప నరకడం, ఒకరోజు కూలిన ఇటుకలు ఏరి కుప్ప వేయడం, ఒకరోజు వేప మొక్క నాటడం. మంచిర్యాల నుంచి ఆడటానికి వచ్చిన ఒకడు గోల్ కొట్టిన సంబరంలో బంతి కోసం తనే పరుగెత్తి, అరగంట తర్వాత చేతుల నిండా ముళ్ళతో వచ్చాడు. నా మీద మాత్రం ఆమెకు ప్రత్యేకమైన అభిమానం. "నువ్వు సక్కగ ఆపుతే గీ గల్లీ ఎట్ల బాగువడుతదిరా?" అని నలుగురిలో అనేది. నాలుగేళ్ళలో నిజంగానే బాగుపడింది. దారి పడింది. రెండు కుటుంబాలు తిరిగి వచ్చి పాత క్వార్టర్లకు సున్నం వేసుకున్నాయి.

మమ్మల్ని ఆమె ఇంకా ల్యాంపు రూములో ఉన్నట్టే చూసుకునేది. "పొడుగు పిల్లగాడు మూడు దినాలాయె, ఎక్కలే. ఏందో చూడుండ్రి" అంది ఒకసారి. చూస్తే వాడు జ్వరంతో దవాఖానలో ఉన్నాడు. మాకు తెలియనే తెలియదు.

తర్వాత స్టేడియం బాగుచేయడానికి అనుమతి వచ్చింది. అప్పటికి నేను ఆట మానేసి కార్యదర్శినయ్యాను. పదడుగుల ప్రహరీ, దానిమీద ఇనుప తీగల జాలి, గోల్‌కు కొత్త వల, అన్నీ నేనే దగ్గరుండి ప్లానులో రాయించాను. పునాది తీస్తుంటే అవ్వ వచ్చింది.

"గోడ మంచిదే బిడ్డా. ఒక చిన్న దర్వాజ ఇడువుండ్రి."

"ఎందుకవ్వా? ఇగ బాల్ నీ వాకిట్ల పడదు. నీకు తిప్పలుండది."

"తిప్పలని నీకెవలు చెప్పిండ్రు?"

నేను నవ్వాను. తర్వాత పెట్టిద్దాంలే అన్నాను. నక్షలో దర్వాజా లేదు, నేను అడగలేదు. అంతే జరిగింది. గోడ లేచాక ఆమె ఇంటికి పోవాలంటే రోడ్డు మీదుగా చుట్టు తిరిగి పావుగంట నడవాలి. మొదటి నెల రెండుసార్లు పోయాను. తర్వాత ఆమె పండుగని క్రిస్మస్‌కు. తర్వాత, సిగ్గుపడుతూనే చెప్తున్నాను, ఏడాదికోసారి కూడా పోలేదు. చివరిసారి వెళ్ళినప్పుడు గోడవైపు తిరిగి కూర్చుని ఉంది.

"లొల్లి ఇనవడుతది. గోల్ వడ్డదని తెలుస్తది. ఎవలు ఆపలేదో తెల్వది" అంది.

ఎక్కిరాని ప్రతి మనిషి కోసం ఆరా తీసిన ఆమె ఒక రోజంతా కనబడకపోతే, పాలతను తప్ప ఎవరూ అడగలేదు. ఇది నన్ను ఇంకా వదలడం లేదు.

ఎండలు కాబట్టి ఆ సాయంత్రమే క్రైస్తవుల శ్మశానంలో ఖననం చేశాం. పాలతనితో కలిసి ఇంటికి తాళం వేయడానికి వెళ్ళాను. వాకిట్లో గద్దె మీద ఒక బంతి ఉంది, తుడిచి పెట్టినట్టు శుభ్రంగా. జాలి మీదుగా ఎగిరి వచ్చిపడి ఉంటుంది. ఇప్పుడు మా దగ్గర బంతులకు కొదవ లేదు, ఒకటి పోతే ఇంకొకటి తీస్తారు. బంతి పక్కనే పార. గద్దె కింద నల్ల కవర్లో వేప మొక్క.

"నెల రోజులాయె అన్నా" అన్నాడు పాలతను. "బాల్ కోసం ఎవలన్న వస్తరు, అప్పుడు గీ మొక్క పెట్టిపిస్త అన్నది. రోజు నీళ్ళు పోసింది."

మొక్కను ఎత్తబోతే రాలేదు. వేర్లు కవరు చించుకుని నేలలోకి దిగాయి. పార తీసుకుని చుట్టూ లోతుగా తవ్వి, కదిలించి, గోడ వారగా నాటాను. రెండు బిందెల నీళ్ళు పోశాను. చేతులు కడుక్కుని, అలవాటు ప్రకారం గద్దె ముందుకు వచ్చి నిలబడ్డాను. గోడవతల ఇంకా డప్పులు మోగుతూనే ఉన్నాయి.

పని అయిపోయింది. బంతి ఎదురుగానే ఉంది. "ఇగ తీస్కపో" అని ఎవరైనా అంటారేమోనని చాలాసేపు చూశాను.