ఎనిమిదేసి పోగుల హంస

ఆటోనగర్‌లో నతానియేలుకు నమస్కారం పెట్టేవాళ్ళు లేరు. అతనూ ఎవరికీ పెట్టడు. లారీల మీటర్లు బాగుచేసినన్నాళ్ళూ డ్రైవర్లతో తగువులే. రేకుల షెడ్డు బావమరిది యేసుకుమార్‌ది. అందులో నతానియేలుకు ఉన్నది ఒక బల్ల. సోల్డరు పొగ నీలంగా లేచే ఆ బల్ల మీద, మీటర్లు వదిలేసి మగ్గాలకు పెట్టెలు చేయడం మొదలుపెట్టాడు. చీరలో బొమ్మ తేవడానికి చిల్లుల అట్టలతో ఆడే జకార్డుకు బదులు, చిప్పు చెప్తే పడుగు పోగుల్ని ఎత్తే కొక్కేలు లేచే పెట్టె. తీసుకున్న నేతగాళ్ళలో సత్యం తప్ప అందరూ తిరిగిచ్చేశారు.

"బావా, అదీ తిరిగొచ్చిందంటే బల్ల ఖాళీ చేసెయ్. ఏసీల మెకానిక్కుని పెట్టుకుంటా," అన్నాడు యేసుకుమార్.

"మీ అక్కనడిగి చేస్తాలే."

"అక్కే చెప్పమంది."

ఆ పొద్దున్నే సత్యం ఫోను చేసి, పెట్టె విప్పుకుపొమ్మన్నాడు.

చల్లపల్లి దాటాక కాలవ గట్టు మీద సత్యం ఇల్లు. నతానియేలు బండి దిగితే ఎవరూ మంచినీళ్ళు ఇవ్వలేదు. కాళ్ళు మగ్గం గుంటలోకి దించుకుని కూర్చున్న సత్యం తల ఎత్తలేదు. ఎండ మాత్రం చీర మీద మెత్తగా వాలి ఉంది. మగ్గం మీద చీర మొహం కిందికి ఉంటుంది. నేసేవాడికి కనబడేది వీపే. సత్యం భార్య నాగదుర్గ చీర కింద చిన్న అద్దం పట్టింది.

"చూడండి మీ హంస."

అద్దంలో ముక్కు మెడలో గుచ్చుకుని ఉంది. కన్ను రెక్క పక్కకి కొట్టుకుపోయింది. రాయి పడ్డ నీళ్ళలో నీడలా చెదిరింది. ఈ నీడ మళ్ళీ కుదురుకోదు.

"కొక్కేలు పట్టేసుంటాయి. నూనె వేస్తున్నారా?"

"ఎడమకి చూసే హంసని కుడికి తిప్పమన్నాను. మీరు తిప్పి తెచ్చేదాకా బాగానే వచ్చింది. నూనెకీ దీనికీ ఏంటండీ సంబంధం?" అన్నాడు సత్యం.

"నేసే చెయ్యి కూడా తిన్నగా ఉండాలి."

నాగదుర్గ అద్దాన్ని అతని మొహానికి ఎత్తింది. "దీంట్లోనూ ఏదో వంకర కనబడుతోందండీ. ఇదీ మా చెయ్యేనా?"

నతానియేలు ల్యాప్‌టాప్ తెరిచాడు. చిప్పు నుంచి కొక్కేలకు పోయే తీగల్లో ఒకటి పాటకి వేసినట్టు తాళం వేస్తుంది. తాళం పడ్డప్పుడల్లా ఇంకో తీగలో, ఒక పోగు లేవాలో వద్దో చెప్పే కబురు ఒక అడుగు జరుగుతుంది. కబుర్లు కట్టకి ఎనిమిదేసి చొప్పున వెళ్తాయి. హంసను తిప్పడానికి అతను మార్చింది ఒక్క సెట్టింగు: కట్టలో చివరిది ముందు పంపమని. ప్రతి కట్టా తనలో తాను తిరగబడింది గానీ, కట్టల వరుస మారలేదు. చర్చిలో బెంచీ బెంచీకీ మనుషులు అటువాళ్ళు ఇటు మారి, బెంచీలు కదలనట్టు.

అతని చెవులు వేడెక్కాయి. చివరి కట్ట ముందు వెళ్ళేలా రాసి, చిప్పులోకి ఎక్కించాడు.

"ఏం తప్పో చెప్తారా?" అన్నాడు సత్యం.

"నెయ్యండి."

"చెప్పరన్నమాట. అయితే ముందు ఆ చెదిరిన హంసని మీరే విప్పండి."

నతానియేలు వాకిలివైపు చూశాడు. బల్ల గుర్తొచ్చింది. వంగి, జరీ పోగులు ఒక్కొక్కటే లాగడం మొదలుపెట్టాడు. హంస అతని వేళ్ళ మధ్య కరిగి, వట్టి మెరుపై రాలింది.

"పడుగు తెగిందంటే అదీ మీరే అతకాలి," అంది నాగదుర్గ.

తర్వాత సత్యం తొక్కుడుచెక్క మీద కాలు వేశాడు. కొక్కేలు వాన చినుకుల్లా చప్పుడు చేశాయి. హంస పూర్తయ్యేదాకా ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అద్దంలో మెడ వంగింది, కన్ను తన చోట తెరుచుకుంది.

"పెట్టె ఉండనివ్వండి," అన్నాడు సత్యం. "మీరు మాత్రం మళ్ళీ ఈ గుమ్మం ఎక్కకండి. ఏదన్నా వస్తే మీ ఆవిడ్ని పంపండి."

"ఆవిడికి చిప్పులు తెలీవు."

"మాట్లాడ్డం తెలుసుగా."

సాయంత్రం షెడ్డుకొచ్చేసరికి బల్ల మీద ఎవరిదో పాత ఏసీ ఉంది. "వచ్చేసిందా పెట్టె?" అన్నాడు యేసుకుమార్. నతానియేలు ఏసీని ఎత్తి నేల మీద పెట్టాడు. గోటి సందులో చిక్కుకున్న జరీ పోగును బల్ల అంచుకు తుడిచి, సోల్డరు కడ్డీ వేడి పెట్టుకున్నాడు.