మందారం మొదట్లో పంచామృతం

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఆషాఢమాసంలో, నన్ను పొందూరు వైపు ఉద్యాన అధికారిగా వేశారు. కాగితం మీద మా పని జీడి, మామిడి, కొబ్బరి తోటలు చూడటమే. కానీ ఎవరి పెరట్లో మొక్క వాడినా కబురు మాకే వస్తుంది.

అలా వచ్చిందే సింహాచలం గారి కబురు. వాళ్లది ఊరి అమ్మవారికి తరతరాలుగా పూజ చేసే ఇల్లు. నవరాత్రుల తొలిరోజు మందారమాల ఆ పెరటి పువ్వులతోనే కట్టాలి, అది వాళ్ల ఆచారం. వెళ్లి చూస్తే పొదలు మనిషెత్తు దాటి చిక్కుపడి ఉన్నాయి. కొమ్మల నిండా పిండినల్లి, అంటే తెల్లటి దూదిలా అంటుకుని రసం పీల్చే పురుగు. కత్తిరింపుతో బాగుపడే దశ దాటిపోయింది. వేళ్లతో సహా తీయించి కాల్పించాను. గుంతల్లో పశువుల ఎరువు, వేపపిండి వేయించి నర్సరీ మొక్కలు నాటించాను. దసరాకు పూస్తాయని మాట కూడా ఇచ్చాను.

భాద్రపదం రాగానే కొత్త చిగుళ్ల మీద మళ్లీ అదే తెల్లదనం. వేపనూనె, సబ్బునీళ్లు కలిపి కొట్టించాను. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది.

సింహాచలం గారి భార్య రమణమ్మ గారికి మొహమాటం లేదు. "ఏటి బాబూ, ఉన్న మొక్కలు పీకించేసినావు. ఇప్పుడు అమ్మోరికి బజారు పువ్వు ఎట్టమంటావా? మా మావ కాలంలో ఇలాటిది సూడ్నేదు" అని ముఖాన్నే అడిగారు. నా పైఅధికారి, సహాయ సంచాలకులు, ఘాటైన మందు కొట్టించమన్నారు. అమ్మవారి పువ్వుకు ఆ మందు వద్దని సింహాచలం గారు చేతులు జోడించారు. మాటిచ్చినవాణ్ణి నేను.

ఒక శుక్రవారం నేను వెళ్లేసరికి ఆయన గుడి నుంచి బిందెతో వస్తున్నారు. అభిషేకం చేసిన పంచామృతం ఎవరి కాలి కిందా పడకూడదు కదా, అందుకని ఎప్పటిలాగే తెచ్చి మందారాల మొదట్లో పోశారు. పాలు, తేనె, పంచదార! మొక్కల పక్కనే కూర్చుని చూశాను. కాసేపటికి చీమలు బారులు కట్టి కాండం మీదుగా చిగుళ్లకు ఎక్కాయి. పిండినల్లిని మొక్క నుంచి మొక్కకు మోసేవీ, దాని శత్రువుల నుంచి కాపాడేవీ చీమలే. పాత పొదలను తినేసిందీ ఈ వరసే.

ఆ సంగతి సింహాచలం గారికి చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది. "అమ్మ తీర్థం మొక్కకి సెడుపు సేస్తాదా బాబూ?" అన్నారు. తప్పు తీర్థానిది కాదు, చీమలదన్నాను. మరి తీర్థం ఎక్కడ పోయాలన్న ప్రశ్న మిగిలింది. రమణమ్మ గారే తేల్చేశారు. "నూతి కాడ కొబ్బరి సెట్టుకి పొయ్యి. అమ్మోరికి కొట్టే కాయలు దానివే కదేటి."

చీమలు పలచబడ్డాక వేపనూనె పనిచేసింది. అయినా మొగ్గ విచ్చేదాకా నాకు నమ్మకం లేదు. నవరాత్రుల తొలిరోజు తెల్లవారగానే వెళ్లాను. పువ్వులు పూశాయి. మాల ఎప్పటిలా అమ్మవారి పాదాల దాకా రాలేదు, గుండెల దాకానే వచ్చింది. "సాల్లే బాబూ, మన పువ్వే" అన్నారు రమణమ్మ గారు.

ఆ తర్వాత ఏ పెరటికి పిలిచినా, పురుగును చూసే ముందు ఆ మొక్క మొదట్లో ఏ రోజు ఏం పోస్తారో అడిగేవాణ్ణి. మందు సంగతి ఆ తర్వాతే.