ఏమీ వెయ్యనట్టు

కాకినాడలో మూడు నెలలు నేర్చుకుని వచ్చి, అమలాపురంలో మా ఇంటి ముందుగదిలో బ్యూటీ పార్లర్ పెట్టాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. మా కోనసీమకి అప్పుడే ‘నేచురల్’ అనే మాట వచ్చింది. టీవీలో విన్నారో, హైదరాబాదు చుట్టాలు చెప్పారో గాని, కుర్చీలో కూర్చున్న ప్రతి పెళ్ళికూతురూ అదే అడిగేది.

“నేచురల్‌గా వెయ్యండి మేడమ్. వేసినట్టే తెలియకూడదండి.”

సరేనని నేను స్పాంజి తడుపుతుంటే, పక్కనున్న తల్లి గొంతు తగ్గించి, “కాస్త తెల్లగా రావాలండి” అనేది. అంటే తెల్లగా పుట్టినట్టు కనబడాలన్నమాట. దేవుడు చెయ్యని పని గంటన్నరలో నేను చేసి, ఆ పేరు మళ్ళీ దేవుడికే ఇవ్వాలి.

నిజానికి ఏమీ వెయ్యనట్టు వెయ్యడం రెట్టింపు చాకిరీ. ఫౌండేషను రంగు మెడతో కలవాలి. చెవుల వెనక్కీ గొంతు కిందికీ పలచగా పాకాలి. లిప్‌స్టిక్ వేలితో అద్ది, కాగితంతో ఒత్తి సగం తీసెయ్యాలి. ఇంత చేశాక మెచ్చుకునే దిక్కుండదు. ఉప్పు సరిపోయిన కూరలో ఉప్పు గురించి ఎవరు మాట్లాడతారు?

తెల్లగా వద్దని నోరు తెరిచి చెప్పిన పెళ్ళికూతురు నాకు ఒక్కతే తగిలింది. ఉప్పలగుప్తం పిల్ల. కాన్వెంటులో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పేది. చామనఛాయ, పెద్ద కళ్ళు. పెళ్ళికి వారం ముందు ఒక్కతే వచ్చి, పర్సులోంచి ఒక ఫోటో తీసి చూపించింది. స్టూడియోవాళ్ళు ఆ పిల్ల ముఖానికి సున్నం కొట్టినంత పని చేశారు.

“ఇది చూసే మస్కట్ నుంచి ఒప్పుకున్నారండి ఆయన. ఫోన్లో నా రంగు గురించే మాట్లాడతారు. నాకేమో నోరు పెగల్లేదండి” అంది. పెళ్ళికొడుక్కి సెలవు తక్కువ. పెళ్ళికి మూడు రోజుల ముందు దిగుతాడు. అప్పటికి పిల్లకి నలుగు పెట్టేస్తారు కాబట్టి చూపించరు. అడ్డుతెర తీశాకే ఒకరినొకరు చూసుకోవడం.

“నన్ను నాలాగే ఉంచండి మేడమ్. తాళి కట్టేముందైనా నా ముఖం ఆయనకి తెలియాలండి.”

మాటిచ్చాను. పెట్టె పట్టుకుని పెళ్ళిరోజు పొద్దున్నే ఆటోలో వెళ్ళాను. నడి వేసవి, పదకొండు గంటల ముహూర్తం. రెండు గంటలు కష్టపడ్డాను. చెప్పకూడదు గాని, అంత మంచి పని నేను మళ్ళీ చెయ్యలేదు. అద్దంలో చూసుకుని ఆ పిల్ల, “నేనే కదండీ!” అని నవ్వింది. నాకు కడుపు నిండిపోయింది.

కాని మా జిల్లాలో కడుపు నిండిందంటే నమ్మేవాళ్ళెవరు? పెళ్ళికూతురి తల్లి వచ్చి, టిఫిను తింటే గాని ఒప్పుకోనంది. పెసరట్టు అయ్యేసరికి ఉప్మా, ఉప్మా అయ్యేసరికి ఇంకో పెసరట్టు. వద్దంటే, “మా ఇంట్లో బాగోలేదాండీ?” అని ముఖం చిన్నబుచ్చుకుంది. ఈ మర్యాద జరిగిన అరగంటలో లోపల ఇంకో మర్యాద జరిగిపోయింది.

తిరిగి వచ్చేసరికి పిల్ల ముఖం పిండివంట చేసిన పీటలా ఉంది. మేనత్త పౌడరు డబ్బా మూత బిగిస్తోంది. కువైట్ నుంచి వచ్చిన పిన్ని, అక్కడ పనిచేసే ఇంటి యజమానురాలు ఇచ్చిందట, ఫౌండేషను ట్యూబు సగం ఖాళీ చేసింది. ఆ యజమానురాలి రంగేమిటో, మా ఉప్పలగుప్తం పిల్ల రంగేమిటో!

“పాపం, మీరు పౌడరెయ్యడం మర్చిపోయేరు కదండీ. మేమే తలో చెయ్యీ వేసేమండి” అంది మేనత్త. నాకు సాయం చేశానన్న తృప్తి ఆవిడ ముఖంలో తొణికిసలాడుతోంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్ల కళ్ళు ఎర్రబడ్డాయి. అందర్నీ బయటికి పంపి గడియ వేశాను. గంప పట్టుకొచ్చిన మేనమామ తలుపు బాదుతున్నాడు. “ముహూర్తం దాటిపోతోందండీ!” పావుగంట ఉంది. మళ్ళీ మొదటినుంచి వెయ్యడానికి అది చాలదు. పౌడరు మాత్రం తీసి నా పని ఉంచుకోవడం కుదరదు. కడిగితే అంతా పోవాలి. మేకప్‌కి పిలిస్తే ముఖం కడిగి పంపిందని రేపు అమలాపురమంతా చెప్పుకుంటుంది. అయినా మాట మాటే. సబ్బు పెట్టి కడిగేశాను. కాటుక పెట్టి, బొట్టు దిద్ది, చెమటకి నా తెల్ల చేతిరుమాలు ఇచ్చి గంపలో కూర్చోబెట్టాను.

పందిట్లో వీడియో ఆయన లైటు వేసి, “మేడమ్, పిల్లకి మేకప్ పడలేదండి” అని అందరికీ వినపడేలా అరిచాడు. తల్లి నా వైపు కొరకొరా చూసింది. నేను అరటిచెట్టు పక్కకి తప్పుకున్నాను. జీలకర్ర బెల్లం పెట్టించి తెర తీశారు.

పెళ్ళికొడుకు అలా చూస్తూ ఉండిపోయాడు. అప్పుడు చూశాను అతన్ని. ముఖం తెలుపు, మెడ నలుపు. వీడియో లైటు వేడికి నుదుటి మీంచి చారలు దిగి, పట్టు కండువా మీద పడుతున్నాయి. ఆ పిల్ల కాసేపు చూసి, నేనిచ్చిన చేతిరుమాలు అతని చేతిలో పెట్టింది. అతను గట్టిగా తుడుచుకున్నాడు. చారల కిందనుంచి అచ్చం ఆ పిల్ల చాయే బయటపడింది.

“మా వోళ్ళు పూసేశారండి. ఫోటోలో తెల్లగా ఉన్నారు కదా, మీ పక్కన తేలిపోతానని” అన్నాడు మెల్లగా. ఆ పిల్ల తలొంచుకుని నవ్వింది. అది సిగ్గనుకుని పురోహితుడుగారు మెచ్చుకున్నారు. తాళి కట్టేటప్పుడు అరటిచెట్టు పక్కన నిలబడి నేను ఏడ్చాను.

అనుకున్నట్టే ఆ సీజనంతా నాకు పెళ్ళిళ్ళు రాలేదు. రెండు నెలల తర్వాత ఆ పిల్ల ఆల్బమ్ తెచ్చింది. స్టూడియోవాళ్ళు ఇద్దర్నీ మళ్ళీ పాలలో ముంచి తీశారు. అతను అప్పటికే మస్కట్ వెళ్ళిపోయాడు. ఊరికే అడిగాను, నా చేతిరుమాలు ఏమైందని.

“ఆయన పట్టుకెళ్ళిపోయారండి” అంది. “ఉతికిస్తానంటే, మరకలు పోతాయని ఇవ్వలేదండి.”